తత్వశాస్త్రం టీచరు పాఠాన్ని ఎలా మారుస్తుంది?

జ్ఞానం ఎక్కడ ఉంది, పిల్లలకు అది ఎలా అబ్బుతుంది అన్న నమ్మకాన్ని టీచరుకు ఇచ్చేది తత్వశాస్త్రమే. బోధన పద్ధతి ఆ నమ్మకాన్ని బట్టి మారుతుంది.

ఒడిశాలోని రాయగడలో తెలుగు పిల్లలకు లాభనష్టాలు చెప్పాలనుకోండి. భావవాది (ఆలోచనలే అసలు సత్యమని నమ్మేవాడు) ముందు సూత్రం వివరించి, తర్వాత లెక్కలిస్తాడు. వ్యావహారిక సత్తావాది (అనుభవంలో పనికొచ్చేదే జ్ఞానమని నమ్మేవాడు) సంతకు తీసుకెళ్తాడు. చింతపండు ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్ముతున్నారు అని పిల్లలే అడుగుతారు (ఒకరిని ఒడియాలో, ఇంకొకరిని తెలుగులో, అదో అదనపు పాఠం). సూత్రం చివర్లో వస్తుంది. ఈ రెండో దారిలో నడిచిన అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1896లో షికాగోలో పెట్టిన బడిలో వంట, వడ్రంగం కూడా ఇలాగే పాఠాలయ్యాయి.

సంతకు తీసుకెళ్తే చదువు దానంతటదే వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. ప్రతి అనుభవమూ చదువు కాదని డ్యూయీయే 1938లో రాశాడు. తిరిగొచ్చాక కూర్చోబెట్టి లెక్క కట్టించకపోతే అది వట్టి షికారే.