గోడ పగుళ్లు: ముందు పిల్లర్ సంగతి చూడండి

మీ ఇంట్లో బీమ్ కింద అడ్డంగా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా, పోర్టికో పిల్లర్‌కి నిలువుగా పగుళ్లు వచ్చాయని రాశారు. ఈ మూడింటిలో బీమ్ కింద అడ్డగీతకి టెన్షన్ అక్కర్లేదండీ. కాంక్రీటు, ఇటుక ఎండకి ఒకేలా సాగవు, అందుకే ఆ అతుకు దగ్గర విడుతుంది. అక్కడి ప్లాస్టరింగ్ చెక్కి, చికెన్ మెష్ (సన్నటి ఇనుప తీగల వల) కొట్టి మళ్లీ పూయిస్తే సరిపోతుంది.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీటకి రెండు చివర్లా పెన్సిల్ గీత పెట్టి తేదీ రాయండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచినా గీత దాటకపోతే నింపి రంగేసుకోవచ్చు. దాటినా, వెడల్పు 5 మి.మీ. మించినా, తలుపులు పట్టేస్తున్నా పునాది కుంగుతోందేమో ఇంజినీర్‌కి చూపించాలి. మీ ఇల్లు విశాఖలో రుషికొండ వైపు కదా, కొండ వాలులో మట్టి పోసి చదును చేసిన స్థలమైతే మరీను.

నా భయమల్లా పోర్టికో పిల్లర్‌కి వచ్చిన నిలువు బీట గురించే. సముద్రపు ఉప్పుగాలికి లోపలి రాడ్డు తుప్పు పట్టి ఉబ్బుతుంది, తన పొడుగునా కాంక్రీటుని చీలుస్తుంది. చిన్న సుత్తితో మెల్లగా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినా, బీట వెంట ఎర్రటి మరక ఉన్నా స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. మేస్త్రీ మాత్రం 'పైన సిమెంటు కొట్టేద్దాం సార్' అంటాడు. ఒప్పుకోకండి, లోపల తుప్పు ఆగదు.