100 కిలోల గురువు, 57 కిలోల శిష్యుడు

"కుస్తీలో హెవీవెయిట్ ఛాంపియన్లు బలంతో నెగ్గుకొస్తారు కదా, కోచ్‌లుగా మారితే నేర్పడానికి వాళ్ల దగ్గర ఏముంటుంది?" అని ప్రశ్న. అడిగినవారు మట్టిలో ఒక్కసారి కూడా పడి ఉండరు. పడినవాళ్లు ఇలా అడగరు.

మాది తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూర్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కుస్తీ నేర్పే తాలీంలో రెండూ. మా వస్తాద్, అంటే కుస్తీ గురువు, బస్కీలు (గుంజీల్లాంటి కసరత్తు) మరాఠీలో లెక్కపెట్టేవారు, తిట్లు మాత్రం తెలుగులోనే తిట్టేవారు.

ముందు పహిల్వాన్ సత్పాల్ సంగతి చూడండి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 కిలోల విభాగంలో బంగారం గెలిచారని అందరికీ గుర్తే. అంతకుముందు 1978 బ్యాంకాక్‌లో వెండితోనే ఆగిపోయారు. కామన్వెల్త్ క్రీడల్లో మూడుసార్లు ఆడి మూడుసార్లూ వెండే తెచ్చారు. ఇక మా పక్క లాతూర్ జిల్లావాడు హరిశ్చంద్ర బిరాజ్‌దార్ బెళగావిలో ఆయన్ను పడగొట్టిన కుస్తీ గురించి మా తాలీంలో చెప్పుకోని వారం ఉండేది కాదు. బిరాజ్‌దార్ కూడా తరువాత పుణెలో వస్తాద్ అయ్యారు. నా లెక్క ఒక్కటే: బాగా ఓడిన భారీ పహిల్వానే మంచి గురువవుతాడు. ఒక్క సత్పాల్‌ను చూసి ఇంత మాట అంటావా అంటే, అంటాను.

ఢిల్లీ ఛత్రసాల్ స్టేడియంలో సత్పాల్ దగ్గర పెరిగి ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చినవాళ్ల బరువులు చూడండి. సుశీల్ కుమార్ 66 కిలోలు, యోగేశ్వర్ దత్ 60, రవి దహియా 57. ఒక్కడైనా గురువు బరువుకు దరిదాపుల్లో ఉన్నాడా? ఆయన విద్య అంతా బలమే అయితే ఈ బక్క పిల్లలకు ఏమిచ్చినట్టు?

మా వస్తాద్ కూడా భారీ మనిషే. నేను చేరేనాటికి ఆయన కుడి మోకాలు పాడైపోయింది. అరుగుమీద వేపపుల్ల పట్టుకుని కూర్చునేవారు. నేను 56 కిలోలు. పట్లు నేర్పమంటే మూడు నెలలు నిలబడటం నేర్పారు. తెల్లవారకముందే ఎర్రమట్టి తవ్వి, నూనె, మజ్జిగ, పసుపు పోసి కలపాలి. తరువాత మోకాళ్లు వంచి ఆయన ఎదుట నిలబడాలి. ఏ కాలిమీద బరువు పడితే ఆ పిక్కమీద పుల్ల తగిలేది. "తేలికవాడు తప్పడుగు వేసినా లేస్తాడు బిడ్డా. నాలాంటివాడు వేస్తే వాడి బరువే వాడిని పడేస్తుంది. అందుకే నాకు అడుగులు తెలుసు" అనేవారు.

ఆ ఏడాది తెలంగాణలో మద్నూర్ వైపు ఒక ఊరి జాతరకు తీసుకెళ్లారు. మా వైపు కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై ఐదు తులాల వెండి కడియంతో ముగుస్తాయి. నన్ను రెండు తులాల జోడీలో దింపారు. అవతలివాడు బోధన్ వైపు నుంచి వచ్చాడు. నాకన్నా పది కిలోలు ఎక్కువే ఉంటాడు. డప్పులు మోగుతుండగానే నా మెడ పట్టేశాడు. గట్టుమీది నుంచి వస్తాద్ గొంతు వినిపించింది: "కుడికాలు!"

మూడు నెలల అలవాటు కదా, వెంటనే నా కుడికాలు తేలిక చేశాను. అంతే, ఆకాశం కనిపించింది. రెండు భుజాలూ మట్టికి అంటుకుపోయాయి.

తిరుగు ప్రయాణంలో ఎర్రబస్సు సరిహద్దు దాటేదాకా ఆయన నోరు విప్పలేదు. తరువాత నెమ్మదిగా, "నేను చెప్పింది నీ కాలు కాదురా. వాడి బరువంతా కుడికాలిమీద ఉంది. ఎడమకాలు లాగితే పడేవాడు" అన్నారు. నిమిషం ఆగి, "ఎవరి కాలో చెప్పకపోవడం నా తప్పే" అన్నారు. అంతటి మనిషి నా ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఇప్పటి కోచ్‌లలో నేనైతే అలాంటివారిని చూడలేదు. మెడలో విజిల్, చేతిలో ఫోను, పిల్లవాడు ఓడితే వాళ్ల నాన్నకు రెండు వేల రూపాయల ప్రొటీన్ పొడి డబ్బా అంటగట్టడం! మాకు తెలిసిన ఒకచోట కొత్త మ్యాట్ వచ్చి నాలుగేళ్లయింది, పాడవుతుందని గదిలో పెట్టి తాళం వేశారు. ఎలుకలు మాత్రం దానిమీద సాధన చేస్తున్నాయి.

మరుసటి ఏడాది అదే జాతరలో రెండు తులాల కడియం గెలిచాను. ఈసారి వస్తాద్ "వాడి ఎడమ!" అని విడమరచి అరిచారు. ఇంటికొచ్చి కంసాలి దగ్గర తూయిస్తే తులమున్నరే తూగింది. మా అమ్మ ఆ మిగతా అరతులం గురించి ఇప్పటికీ అడుగుతుంది.

ఇప్పుడు నాకు ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది. మోకాళ్లు వస్తాద్ దారినే పోయాయి. అయినా అప్పుకు సరుకు అడగడానికి వచ్చినవాడు ఏ కాలిమీద నిలబడ్డాడో ముందు చూస్తాను. రెండు కాళ్లూ మార్చి మార్చి నిలబడేవాడికి బేరింగ్ కూడా ఇవ్వను. ఈ విద్యను మా ఆవిడ నమ్మదు, బాకీల పుస్తకం తెరిచి చూపిస్తుంది.