చైనా మన పక్క దేశమే కదా, అక్కడ తయారైన లాప్‌టాప్ మన దగ్గరికొచ్చేసరికి ఎందుకంత రేటు?

గుంటూరు అరండల్‌పేటలో లాప్‌టాప్ సేల్సూ సర్వీసూ చేస్తాను కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ పడుతుంది. మ్యాప్‌లో పక్కనే గానీ సరుకు కొండలెక్కి రాదండీ, షెన్‌జెన్ వైపు ఓడెక్కి మలక్కా జలసంధి మీదుగా చుట్టూ తిరిగి చెన్నైలోనో ముంబైలోనో దిగుతుంది. 2006లో సిక్కిం సరిహద్దులో నాథులా కనుమ దారి తెరిచినా అక్కడ సాగింది ఉన్ని, మేకతోళ్ల లాంటి చిన్న సరుకుల బేరమే.

ఇంక అందరూ డ్యూటీ డ్యూటీ (దిగుమతి సుంకం) అంటారు. ఫోన్ల మీద ఉంది, 20 శాతం ఉండేది 2024 బడ్జెట్‌లో 15 చేశారు, కానీ లాప్‌టాప్ మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ సున్నా, ఎప్పుడో 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) వాళ్ల ఐటీ ఒప్పందంలో, అంటే కంప్యూటర్ల లాంటి సరుకు మీద సుంకం ఎత్తేసే ఒప్పందంలో, మన దేశం చేరిన పుణ్యం. 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది ఎక్కడ తయారైనా పడేదే. రేటు పెంచేది పుకారు, నన్నడిగితే అంతే.

2023 ఆగస్టు 3న లాప్‌టాప్‌ల దిగుమతికి లైసెన్సు ఉండాలని కేంద్రం ఆర్డరేసింది, అదీ వెంటనే అమలు. ఇంజనీరింగ్ సీట్ల సీజను మరి. మర్నాడు సత్తెనపల్లి నుంచి ఒక మిర్చి రైతు కూతుర్ని తీసుకుని వచ్చాడు, ముందురోజు ఫోన్లో నేను చెప్పిన రేటుకి డబ్బు లెక్కపెట్టి తెచ్చుకున్నాడు. పీసు పంపమని డిస్ట్రిబ్యూటర్ కుర్రాడికి ఫోన్ చేస్తే మూడు వేలు ఎక్కువంటాడు. "ఆ పెట్టె మీ గోడౌన్‌లో నెల నుంచీ ఉంది కదరా, దానికి లైసెన్సేంటి?" అంటే "పైనుంచి మార్చారన్నా, నన్నేం చేయమంటావ్" అని నసుగుడు. స్పీకర్లో అంతా విన్న రైతు నవ్వి, "కోల్డ్ స్టోరేజీలో మిర్చి దాచుకున్నోళ్లు కూడా ఇదే మాట చెప్తారండీ" అన్నాడు. ఆ పిల్లేమో "తక్కువదే తీసుకుందాం నాన్నా" అని గొణుగుతోంది. చివరికి సగం ఆయన, సగం నేను భరించాం. ఆ రాత్రికే ఆర్డరు నవంబరుకి వాయిదా పడింది, తర్వాత ఆన్‌లైన్లో పర్మిషన్ తీసుకుంటే చాలన్నారు, సరుకు ఆగిందీ లేదు ఏమీ లేదు. పెరిగిన రేటు మాత్రం ఒక్కరోజులో పెరిగి, దిగడానికి తీరిగ్గా దిగింది.

ఇంకో బాధ, దుబాయ్ నుంచి బావమరిది చేత తెప్పించుకునేవాళ్లు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు, తెచ్చుకోండి, కానీ అరబిక్ అక్షరాల కీబోర్డు మార్చమని, వారంటీ ఎందుకు రాదని నా మీద పడితే ఎట్లా? స్క్రీను పోతే "చైనాది వద్దు, ఒరిజినల్ వెయ్యి" అంటారు, ఆ ఒరిజినల్ ప్యానల్ వెనక బీవోఈ అని ఉంటే అదీ చైనా కంపెనీదే స్వామీ!

కాబట్టి దిగుమతులు ఆపేస్తున్నారని టీవీలో వచ్చిన వారం కొనకండి. పాత స్టాకుకి కొత్త రేటు చెప్తే పెట్టె మీద తయారీ నెల చూపించమని అడగండి, సగంమంది అక్కడే దిగొస్తారు.