సియాటిల్‌లో ఫిర్యాదు చేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మేనేజరు ముందు ఇంటిపేరు అడిగి, తరువాత ఊరు అడిగి, అక్కడితో ఆగకుండా మీ ఇల్లు ఊళ్ళోనా, పేటలోనా అని ఆరా తీయడం, నెల తిరగకుండానే నిన్ను ప్రాజెక్టు నుంచి తప్పించడం చదివి ఒళ్ళు మండింది. ఆ మంట సంగతి ఫోనులో మాట్లాడుకుందాం. ఇక్కడ పని గురించే రాస్తాను. మన పిల్లలకు తోడుగా ఇలాంటి కాగితాలు పట్టుకుని కార్యాలయాలకు తిరిగినదాన్ని కాబట్టి కాస్త కటువుగానే ఉంటుంది.

అన్నిటికంటే ముందు నీ ఉద్యోగం ఏ ఊళ్ళో ఉందో చూసుకో. మనవాళ్ళు రెడ్మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బోథెల్ అన్నిటినీ కలిపి సియాటిల్ అనేస్తారు. చట్టం అలా అనదు. 2023 ఫిబ్రవరి 21న కుల వివక్షను పేరు పెట్టి నిషేధించింది సియాటిల్ నగర మండలి. మండలి సభ్యురాలు క్షమా సావంత్ తెచ్చిన ప్రతిపాదన 6-1 ఓట్లతో నెగ్గింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం ఇదే. ఆ చట్టం నగర పొలిమేర వరకే. వాషింగ్టన్ సరస్సు దాటి అవతల ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళలో పనిచేసేవారు రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కో, ఉద్యోగాల్లో వివక్షను విచారించే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకో వెళ్ళాలి. అక్కడ కులం అనే మాట చట్టంలో లేదు కాబట్టి వంశం, జాతి, పుట్టిన దేశం అనే మాటల కిందకి దాన్ని తెచ్చి వాదించుకోవాలి. కాలిఫోర్నియాలో కులం మాటను చట్టంలో చేర్చే బిల్లు శాసనసభ దాటినా, ఉన్న చట్టాలే చాలునని గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబరులో తిప్పికొట్టారు. నీ ఆఫీసు సియాటిల్ నగరం లోపలే, సౌత్ లేక్ యూనియన్‌లో ఉంది కనుక ఆ బాధ నీకు లేదు. వారంలో సగం రోజులు బెల్‌వ్యూ ఇంటి నుంచి పనిచేస్తున్నావు కదా, ఆ సంగతి మాత్రం మొదటి ఫోనులోనే చెప్పు. దాని లెక్క వాళ్ళు తేలుస్తారు.

నువ్వు వెళ్ళాల్సింది సియాటిల్ ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్‌కు. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు ఉండి తీరాలన్న నియమం లేదు. తెలుగులో చెప్పుకుంటానంటే దుబాసీని వాళ్ళే ఏర్పాటు చేస్తారు. ఉద్యోగం, అద్దె ఇల్లు, హోటళ్ళు, దుకాణాలు, అన్నిటిలోనూ వివక్ష మీద విచారణ చేసే అధికారం దానికి ఉంది. నగర శాఖల పనుల్లో, ఖర్చుల్లో జాతి సమానత్వం ఎంతుందో చూసే పని కూడా దానిదే. అది మంచిదే గాని నీ ఫైలుకు సంబంధం లేదు.

ఒక విషయం మొదటి రోజే మనసుకు పట్టించుకో. ఆ కార్యాలయం నీ తరఫు వకీలు కాదు. విచారణాధికారి నీ మాట విన్నంత ఓపికగా కంపెనీ మాట కూడా వింటారు. మన పిల్లలు చాలామంది ఇక్కడే చతికిలబడతారు. పక్కన కూర్చుని కన్నీళ్ళు తుడుస్తారని వెళ్ళి, తేదీలు అడిగేసరికి నొచ్చుకుని వచ్చేస్తారు. ఇంకో తేడా కూడా ఉంది. కారంచేడులో దళితుల ఊచకోత తరువాత మన దేశంలో వచ్చిన 1989 అత్యాచారాల నిరోధక చట్టం క్రిమినల్ చట్టం: పోలీసు కేసు, అరెస్టు, ప్రత్యేక కోర్టు. ఇక్కడిది సివిల్ వ్యవహారం, ఎవరినీ జైలుకు పంపరు. నువ్వు కుల ధ్రువీకరణ పత్రం చూపించనక్కర్లేదు, ఏ కులం వారైనా ఫిర్యాదు చేయవచ్చు. పోగొట్టుకున్న జీతం, పదోన్నతి, సరిదిద్దిన రేటింగు, కంపెనీ విధానాల్లో మార్పు, నువ్వు అడగదగినవి ఇలాంటివి. ఏం కావాలని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ‘ఆయన తన తప్పు తెలుసుకోవాలి’ అన్నది జవాబు కాదు. మనుషులు మారే సంగతి కార్యాలయాల చేతిలో లేదు.

ఇక అసలు పని, రాయడం. నువ్వు పంపిన కాగితంలో ‘మేనేజరు నన్ను చిన్నచూపు చూస్తున్నారు’ అని ఉంది. నిజమే కావచ్చు, విచారణాధికారికి మాత్రం అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. దాన్ని ఇలా మార్చు: ‘మార్చి 12న మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మా ఇంటిపేరు, ఊరు, ఇల్లు ఉన్న చోటు అడిగారు. ఇద్దరు సహోద్యోగులు విన్నారు. మార్చి 19న వారంవారం జరిగే సమావేశం ఆహ్వానంలో నా పేరు లేదు. ఏప్రిల్ 4న నా పని మరొకరికి ఇచ్చారు, కారణం చెప్పలేదు.’ ఇందులో బాధ అనే మాటే లేదు, చదివినవారికి అర్థం కాకుండానూ పోదు.

ఆ తరువాత పోలిక చూపించు. అదే జట్టులో, అదే అనుభవంతో, అవే గడువులు తప్పినవారు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకు ఏ రేటింగు వచ్చింది, నీకు ఏది వచ్చింది? ఈ కార్యాలయం ఆలోచించే తీరే అది. అద్దె ఇళ్ళ విషయంలో తానే పరీక్షకులను పంపుతుంది. జీతం, ఉద్యోగం, అడిగే ఇల్లు అన్నీ సమానంగా ఉన్న ఇద్దరు విడివిడిగా వెళ్ళి అడుగుతారు. ఒకరికి ‘ఖాళీ లేదు’ అని, ఇంకొకరికి ‘రేపే చేరండి’ అని చెబితే ఆ తేడాయే సాక్ష్యం. ఊరికే పుట్టిన పద్ధతి కాదు ఇది. ఈ నగరంలో నల్లవారికి ఇళ్ళు నిరాకరించడం మామూలుగా సాగింది. దాన్ని ఆపే ప్రతిపాదనను 1964లో ఓటర్లు రెండింతల ఓట్లతో ఓడించారు. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకు గాని నగర మండలి ఆ చట్టం చేయలేదు. మండలిలో మొదటి నల్లజాతి సభ్యుడు శామ్ స్మిత్ అందుకు పూనుకున్నారు. మనం వాడుకుంటున్న తలుపులు వాళ్ళు తెరిచినవే.

విచారణాధికారికి మన ఊరు తెలియదు. ఇంటిపేరుతో కులం ఎలా తెలుస్తుందో, ‘పేట’ అంటే ఎవరి ఇళ్ళో, మాంసం తింటారా అని అడిగి ఊరుకోకుండా ఏ మాంసమో ఎందుకు అడుగుతారో, వీపు తడుతున్నట్టు చేసి జంధ్యం కోసం ఎందుకు తడుముతారో ఒక్కో దానికి రెండు వాక్యాలు రాయి. ఉపన్యాసం వద్దు, అంబేడ్కర్‌తో మొదలుపెట్టవద్దు. వాట్సాప్ గుంపులో వచ్చిన తెలుగు వెక్కిరింతలు తేదీ కనిపించేలా భద్రపరుచు. వాటి అనువాదం మాత్రం నువ్వు చేయకు, నీ కోపం అందులోకి జారుతుంది.

దొంగచాటుగా రికార్డు చేయకు! వాషింగ్టన్ రాష్ట్రంలో ఆంతరంగిక సంభాషణను అందరి అనుమతి లేకుండా రికార్డు చేయడం నేరం. కంపెనీ పత్రాలను సొంత మెయిల్‌కు పంపుకోవడం కూడా వద్దు. ఏ రోజు ఏ మెయిల్ వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు.

హెచ్ఆర్‌కు కూడా రాతపూర్వకంగా చెప్పు. ‘మేనేజరుతో పొసగడం లేదు’ అని రాస్తే అది మీ ఇద్దరి గొడవగా మిగిలిపోతుంది. కులం, వివక్ష అన్న మాటలు అందులో ఉండి తీరాలి. ఆ తరువాత నీ మీద కక్ష సాధిస్తే అది విడిగా మరో ఉల్లంఘన అవుతుంది, మొదటి ఆరోపణ రుజువు కాకపోయినా అది నిలబడవచ్చు. ఫిర్యాదు గడువుల సంగతికి వస్తే, ఇంటి విషయంలో ఏడాది. ఉద్యోగానికి లెక్క వేరు, ఫిర్యాదు తీసుకునే సంస్థ సంస్థకూ వేరు. ఏదైనా సరే ఆరు నెలలు దాటనివ్వకు.

వీసా భయం నాకు తెలుసు. నగర ఉద్యోగులు నీ వలస స్థితి గురించి ఆరా తీయకూడదని 2003 నుంచే నియమం ఉంది. కాని ఉద్యోగం పోతే హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద నీకు మిగిలేది మహా అయితే 60 రోజులు. కక్ష సాధింపును చట్టం నిషేధిస్తుందన్న ధైర్యం ఒక్కటీ చాలదు. ఫిర్యాదుకు ముందే వలస వ్యవహారాల వకీలుతో ఒక గంట మాట్లాడు. డబ్బులు నేను ఇస్తాను, ఈ మాట మీద వాదించకు.

విచారణకు నెలలు పడుతుంది, ఏడాది దాటినా ఆశ్చర్యపోకు. మధ్యలో రాజీకి కూర్చోమంటారు. మీ అమ్మ వెంటనే ఒప్పుకోమంటుంది, మీ అన్నయ్య ససేమిరా అంటాడు, ఇద్దరి మాటా వినకు. రేటింగు సరిదిద్ది, వేరే మేనేజరు కిందకు మారుస్తామని కాగితం మీద రాస్తే నేనైతే ఒప్పుకుంటాను. ఎవరికీ చెప్పకూడదన్న షరతు పెడితే మాత్రం సంతకానికి ముందు వకీలుకు చూపించాలి. రాజీ కుదరకపోతే వివక్ష జరిగిందనడానికి తగిన కారణం ఉందో లేదో కార్యాలయం తేలుస్తుంది. కారణం లేదని తేలిస్తే నగర మానవ హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

రూమ్మేటు వంటింటి గిన్నెలు వేరు పెట్టమన్న సంగతి కూడా రాశావు. అది దీంతో కలపకు. కలిసి ఉండేవారి మధ్య చట్టం ఎంతవరకు వస్తుందో విడిగా అడిగి తెలుసుకో. ఈలోగా వేరే ఇల్లు చూసుకో.

శనివారంలోగా తేదీల కాగితం తిరగరాసి నాకు పంపు. నాలుగు పేజీలు దాటితే చదవకుండా వెనక్కి పంపుతాను.

పెద్దమ్మ