కాకినాడ–కోటిపల్లి రైలు: రెండుసార్లు వేసిన పట్టాలు

కాకినాడ నుంచి కోటిపల్లికి బ్రిటిష్ వాళ్ల కాలంలోనే రైలుండేదా, ఉంటే 2004లో మళ్లీ ప్రారంభించడమేంటని అడిగారు. రెండూ నిజమే.

మాది ద్రాక్షారామం పక్క పల్లెటూరు. మా మామ్మ ఏ చేను గురించి చెప్పినా "రైలుకట్టకి ఇవతల", "రైలుకట్టకి అవతల" అనేది. నా చిన్నప్పుడు ఆ కట్ట మీద పట్టా ముక్క కూడా లేదు. మేకలు, తుమ్మచెట్లు, సైకిళ్ల మీద బడికెళ్లే మేమూ. రైలు లేకుండా రైలుకట్టేంటే అంటే "యుద్ధానికి పట్టుకుపోయార్రా" అనేది. చాలాకాలం ఇది మామ్మ అల్లిన కథే అనుకున్నాను.

కథ కాదు. సామర్లకోట నుంచి సముద్రం వైపు కాకినాడకి వచ్చేదే బ్రాంచి లైను, దానికి ఇది ఇంకో కొమ్మ. కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గోదావరి పాయ గౌతమి ఒడ్డునున్న కోటిపల్లి దాకా సుమారు 45 కిలోమీటర్లు, 1928లో వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో 1940లో పట్టాలు పీకేశారు. గట్టిగా పన్నెండేళ్లు నడిచిందంతే! తిరిగి వేయడానికి మాత్రం అరవై ఏళ్లు దాటింది. అమలాపురం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో పని కదిలింది. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారాయన. రైలు 2004లో వచ్చింది.

రైలంటే బారుగా పెట్టెలు ఊహించుకోకండి. తర్వాత ఆ లైన్లో నడిచింది ఒకే పెట్టె రైల్‌బస్సు. ఓ కార్తీకమాసం అమ్మని స్నానానికి అందులోనే తీసుకెళ్లాను. రోడ్డు అడ్డమొస్తే బండి ఆగేది. లోపల్నుంచి ఒకాయన దిగి గేటు వేసేవాడు, బండి దాటాక తీసి, పరుగున వచ్చి ఎక్కేవాడు. మూడో గేటు దగ్గర అమ్మ, "పాపం, ఈయన సగం దారి నడిచే వస్తున్నాడ్రా" అంది. రెండు గంటలు దాటింది మాకు. అయినా వరిచేల మధ్య నుంచి అలా పోవడం బస్సులో దొరకదు.

కరోనా లాక్‌డౌన్‌తో అదీ ఆగింది. ప్రయాణం పెట్టుకునేముందు కాకినాడ టౌన్ స్టేషన్లో కనుక్కోండి, లేకపోతే బస్సే. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000-01లోనే మంజూరైంది. మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ, గోదావరి పాయలు మూడూ దాటాలి మరి. నేను చివరిసారి కోటిపల్లి రేవులో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి అవతల ముక్తేశ్వరం వెళ్లినప్పుడు గోదాట్లో వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి, పైన పట్టాలు లేవు.