చెదలు తినేది ఎంగిలా, విసర్జనా?

సందేహం: శిలీంధ్రం పెంచే చెదల గురించి పిల్లలకు వ్యాసం రాస్తున్నాను. ‘ఒకదాని ఎంగిలిని మరొకటి పంచుకు తింటాయి’ అని రాస్తే, ‘ఎంగిలి కాదు, మలం’ అని ఒక మిత్రుడు దిద్దారు. ఏది సరి?

సమాధానం: మీ వాక్యంలో రెండు వేరు వేరు పనులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు తీరుతుంది.

నోరు తగిలిందే ఎంగిలి. ఈ చెదల్లో వయసు మళ్ళిన శ్రామికులు బయటి నుంచి ఎండు కట్టె, ఆకు, గడ్డి తెస్తాయి. ఆ మేతను పడుచు శ్రామికులు శిలీంధ్రం మీద పుట్టే తెల్లని బుడిపెలతో కలిపి తింటాయి. బుడిపెల నిండా బీజాలే, అంటే కొత్త శిలీంధ్రం మొలకెత్తే సూక్ష్మ రేణువులే. మేత పెద్దగా అరగకుండానే పేగు దాటి, బీజాలతో సహా, పుట్టలో చెదలు పెంచే శిలీంధ్రపు తోట మీద కొత్త పొరగా పడుతుంది. పేగు దాటినదాన్ని ఎంగిలి అనలేం. అక్కడ మీ మిత్రుడి అభ్యంతరం న్యాయమే.

కానీ ‘మలం’ కూడా నాకు నచ్చలేదు. ఒళ్ళు సారమంతా పీల్చుకోగా మిగిలిందనే కదా ఆ మాట వినగానే తోచేది? ఇక్కడ సారం ఇంకా అందులోనే ఉంది. కట్టెలోని గట్టి పదార్థాన్ని శిలీంధ్రం నెమ్మదిగా మెత్తబరుస్తుంది. పైపొరలో కొత్త బుడిపెలు మొలిస్తే పడుచువి తింటాయి. అడుగున పాతబడిన భాగం ముసలివాటి పాలు. అసలైన పిప్పి ఆ తర్వాత మిగిలేదే, అదీ కొంచెమే. అందుకే మొదటిదాన్ని ‘అరగని విసర్జన’ అంటే చాలు. పశువుకు పేడ, పక్షికి రెట్ట, మేకకు పెంటిక, గుర్రానికి లద్ది అని విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాష మనది. పురుగుల దాకా వచ్చేసరికి ఎందుకో ఊరుకుంది! ‘నెమరు’ మాత్రం వాడకండి, నెమరేసే పశువు తన మేతను తానే మళ్ళీ నములుతుంది.

ఇక ‘పంచుకు తింటాయి’. సైనికుల దవడలు పోరాటానికే తప్ప నమలడానికి పనికిరావు. పిల్లలు, రాణి, రాజు కూడా సొంతంగా మేయవు. వీటన్నిటికీ శ్రామికులే నోటి నుంచి లాలాజలం అందిస్తాయి. ఇది పంచుకోవడం కాదు, తినిపించడం. ‘ఎంగిలి’ అనే మాట కావాలనుకుంటే ఇక్కడ నిక్షేపంగా వాడుకోవచ్చు.

నేనైతే ఇలా రాస్తాను: ‘పడుచు చెదలు మేతను తిని, అరగకముందే విసర్జించి శిలీంధ్రానికి వేస్తాయి; పిల్లలకూ సైనికులకూ నోటితో తినిపిస్తాయి.’