'మతం మారారు', 'మతం పుచ్చుకొన్నారు': ఎక్కడ ఏది తగును?

సందేహం: ఇతర మతాల్లో పుట్టి హిందువులైన ప్రముఖుల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. 'హిందూమతంలోకి మారిన ప్రముఖులు' అని శీర్షిక పెట్టాను. 'మారిన' అనడం మర్యాదగా లేదు, 'స్వీకరించిన' అనండి అని ఒక మిత్రుడు, 'మతాంతరీకరణ పొందిన' అనడమే శాస్త్రీయమని మరొకరు అంటున్నారు. ఏది సరైనది? వీరి పాత పేర్లను చెప్పేటప్పుడు 'పూర్వాశ్రమ నామం' అని రాయవచ్చునా?

సమాధానం: 'మారిన' అనడంలో అమర్యాద ఏమీ లేదు. ఇల్లు మారాడు, ఊరు మారాడు, బడి మారాడు అన్నట్లే మతం మారాడు అనడం మన పలుకుబడిలో ఉన్నదే. 'మారు' బదులు 'మార్చు' వాడితేనే చిక్కు వస్తుంది. 'మార్చు' ప్రేరణార్థకం కాబట్టి 'మతం మార్చారు' అనగానే ఎవరి మతాన్ని ఎవరు మార్చారన్న ప్రశ్న పుడుతుంది. దానికి 'కొను' చేర్చి 'మార్చుకొన్నారు' అంటే ఆ పని ఫలితం కర్తకే చెందుతుంది గనుక చిక్కు తీరుతుంది. 'మార్చబడ్డారు' అన్న రూపాన్ని మాత్రం, మరొకరు బలవంతాన మార్చారని చెప్పదలచుకొన్నా సరే, వాడవద్దు. అక్కడ కూడా 'మార్చారు' అని కర్తను చూపడమే తెలుగు.

మీ రెండో మిత్రుని 'మతాంతరీకరణ' గురించి కొంత వివరంగా చెప్పాలి. గ్రామాంతరం అంటే వేరొక గ్రామం, దేశాంతరం అంటే వేరొక దేశం అయినట్లే, మతాంతరం అంటే వేరొక మతం. దానికి చేరిన 'ఈకరణ' అంతవరకు అలా లేనిదాన్ని అలా చేయడమనే అర్థాన్ని ఇస్తుంది. జాతీయీకరణ, సరళీకరణ వంటి మాటల్లో ఉన్నది అదే. జాతీయీకరణను ప్రభుత్వం చేస్తుంది, బ్యాంకు దానికి లోనవుతుంది. అదే లెక్కన వివేకానందుని శిష్యురాలి గురించి 'మతాంతరీకరణ పొందిన నివేదిత' అని రాస్తే ఆమె తన నిర్ణయంతో నడిచిన మనిషిగా కాక, ఎవరో చేసిన పనికి లోనైన వస్తువుగా కనిపిస్తుంది. చట్టాల గురించో సమాజశాస్త్రం గురించో రాసేటప్పుడు ఆ ప్రక్రియకు పేరుగా ఈ మాట పనికివస్తుంది గాని, ఒక వ్యక్తి జీవితాన్ని చెప్పేటప్పుడు పొసగదు. విచిత్రమేమంటే 'స్వీకరించు'లోనూ ఇదే నిర్మాణం ఉన్నది: 'స్వ' అంటే తనది, తనది కానిదాన్ని తనదిగా చేసుకోవడం స్వీకరించడం. అయితే ఇక్కడ చేసేదీ, ఫలితం పొందేదీ ఒకరే. అందుచేత మీ మొదటి మిత్రుడు చూపిన కారణం సరైనది కాకపోయినా, ఆయన చెప్పిన మాట మంచిదే. శీర్షికకు 'హిందూమతం స్వీకరించిన ప్రముఖులు' చక్కగా సరిపోతుంది.

వ్యాసం లోపల మాత్రం అందరికీ ఆ ఒక్క క్రియనే అంటగట్టడం నాకు సమ్మతం కాదు. ఐర్లండులోని డంగానన్‌లో 1867లో పుట్టిన మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్ 1895లో లండన్‌లో వివేకానందుని ప్రసంగాలు విని, 1898 జనవరిలో కలకత్తా చేరి, అదే ఏడాది మార్చి 25న ఆయన వద్ద బ్రహ్మచర్య దీక్ష పొంది నివేదిత అయ్యారు. ఇక్కడ ఇచ్చిన గురువు ఉన్నాడు, పుచ్చుకొన్న శిష్యురాలు ఉన్నది. దానం పుచ్చుకోవడం, మంత్రం పుచ్చుకోవడం, సన్న్యాసం పుచ్చుకోవడం అని మనం ఎప్పటినుంచో అంటున్నాం. ఇచ్చిపుచ్చుకోవడమన్న జంటమాట ఉండనే ఉన్నది. ఇచ్చేవారు ఉన్నచోట ఈ క్రియను మించినది లేదు కనుక 'నివేదిత వివేకానందుని వద్ద దీక్ష పుచ్చుకొన్నారు' అని నిస్సంకోచంగా రాయండి. ఆ వాక్యంలో 'వివేకానందుని నుండి' అనడం కంటె 'వద్ద' అనడమే నుడికారం.

శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ కథ వేరు. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖవారి కుటుంబంలో పుట్టిన ఆయన 1904లో కుష్ఠురోగుల సేవకోసం సిమ్లా కొండలకు వచ్చి, కోట్‌గఢ్‌లో స్థిరపడి, అక్కడివారికి ఆపిల్ తోటల పెంపకం నేర్పి, సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు కూడా వెళ్లారు. 1932లో, ఏళ్లతరబడి చదువూ ఆలోచనా సాగిన తరువాత, ఆయన హిందువై సత్యానంద అనే పేరు పెట్టుకొన్నారు. ఇంత దీర్ఘమైన అంతర్మథనానికి 'పుచ్చుకొన్నారు' కంటె 'స్వీకరించారు' తగును.

1941లో పండిత్ రవిశంకర్‌తో వివాహ సందర్భంలో హిందువైన, సితార్ వంటి సుర్‌బహార్ వాద్యంలో విదుషి అయిన అన్నపూర్ణాదేవి విషయంలో 'మతం మార్చుకొన్నారు' అన్న సాదా మాట చాలు. హాలీవుడ్ నటి జూలియా రాబర్ట్స్ 2010లో ఒక పత్రికతో మాట్లాడుతూ తాను హిందూధర్మాన్ని ఆచరిస్తున్నానని చెప్పారు. అక్కడ 'పుచ్చుకొన్నారు' అని రాస్తే ఎవరి వద్ద అని పాఠకుడు అడుగుతాడు. ఆమె చెప్పినదాన్ని చెప్పినట్లు రాసి ఊరుకోవడం మేలు.

'శుద్ధి' అన్న మాటతోనూ జాగ్రత్త అవసరం. ఇండొనేసియా తొలి అధ్యక్షుడు సుకర్ణో కుమార్తె సుక్మావతి 2021 అక్టోబరు 26న బాలి ద్వీపంలో హిందువయ్యారు. ఆ సంస్కారాన్ని అక్కడ 'శుద్ధి వదని' అంటారు. అందులో మొదటి మాట మన శుద్ధియే. ఆర్యసమాజం వారు కూడా ఇటువంటి సంస్కారానికి శుద్ధి అనే పేరు పెట్టుకొన్నారు. సంస్కారం పేరుగా ఆ మాటను రాయవచ్చు. కాని రచయిత తన సొంత వాక్యంలో 'శుద్ధి పొందారు' అంటే అంతకుముందు వారిలో ఏదో మాలిన్యం ఉన్నదని తానే తీర్పు చెప్పినట్లవుతుంది. పైగా హిందువు కావడానికి శుద్ధి తప్పనిసరి కాదని, నిజమైన ఉద్దేశమూ, దాన్ని స్పష్టంగా చూపే నడవడీ ఉంటే చాలునని సుప్రీంకోర్టు 1970లో తీర్పు ఇచ్చింది. కనుక సంస్కారం జరిగినదో లేదో తెలియని చోట 'హిందువయ్యారు' అన్నదే నిక్కమైన మాట.

ఈ 'అగు' ధాతువు ఎంత మేలు చేస్తుందో చూడాలంటే విదిశ దగ్గరి బేస్‌నగర్ గరుడస్తంభం వద్దకు వెళ్లాలి. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో తక్షశిల నుంచి భాగభద్రుని కొలువుకు వచ్చిన గ్రీకు దూత హెలియొడోరస్ దాన్ని వాసుదేవునికి నిలిపాడు. ఆ శాసనంలో మతం మారానన్న మాట లేదు. తన పేరు పక్కన 'భాగవతేన', అంటే వాసుదేవుని భక్తుడైన, అన్న ఒక్క విశేషణం ఉన్నది, అంతే. అతణ్ణి 'హిందూమతంలోకి మారిన తొలి గ్రీకు' అనడం పత్రికల్లో కనిపిస్తుంది. తొలివాడో కాదో చెప్పలేము, హిందూమతమన్న పేరు ఆ కాలానిది కాదు. 'భాగవతుడైన గ్రీకు దూత' అని రాస్తే శాసనంలో ఉన్నదానికి ఎక్కువా తక్కువా కాకుండా ఉంటుంది.

ఇక పాత పేర్ల సంగతి. పూర్వాశ్రమం అనేది సన్న్యసించినవారి విషయంలోనే చెల్లుతుంది. లక్నో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించి, 1928లో యశోదామాయి వద్ద వైరాగ్య దీక్ష పుచ్చుకొని, అల్మోరా దగ్గరి మిర్తోలా ఆశ్రమంలో గడిపిన కృష్ణప్రేమ్‌ను 'పూర్వాశ్రమంలో రొనాల్డ్ నిక్సన్' అనవచ్చు. నివేదితకు ఇది కుదరదు. ఆమె తీసుకొన్నది బ్రహ్మచర్య దీక్ష, ఆశ్రమాల్లో మొదటిదే అది అయినప్పుడు దానికి పూర్వం మరొక ఆశ్రమం ఎక్కడిది? హిందువైన తరువాత కూడా గృహస్థుగానే ఉన్న స్టోక్స్‌కు అసలే కుదరదు. అలాగని 'అసలు పేరు' అన్నా మంచిది కాదు, కొత్త పేరు నకిలీ అన్న ధ్వని వస్తుంది. 'పుట్టినప్పటి పేరు' అనండి. మరొక్క మాట: మతంతోపాటే పేరూ మారి ఉంటుందని ముందుగా అనుకోవద్దు. ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ కుమార్తె రోషనారాకు అన్నపూర్ణ అన్న పేరు పెట్టినది మైహర్ మహారాజు, అదీ ఆమె పుట్టినప్పుడే. 'పెళ్లితో మతమూ పేరూ మార్చుకొన్నారు' అని రాస్తే వాక్యం సాఫీగానే ఉంటుంది, విషయమే తప్పవుతుంది.